ఫిన్స్‌బరీ బరోలో క్షయ, అంటురోగాల మరణాలు (1901–1913): లెక్కల డైరీ

చోటు: లండన్‌లోని ఫిన్స్‌బరీ మెట్రోపాలిటన్ బరో (సొంత కౌన్సిల్ ఉన్న నగర విభాగం). కాలం: 1901 నుంచి 1913 దాకా, పదమూడు సంవత్సరాలు. ఆధారం: బరో ఆరోగ్యాధికారి ఏటా అచ్చు వేయించిన నివేదిక. 1848 నుంచి 1972 దాకా వచ్చిన లండన్ ఆరోగ్యాధికారుల నివేదికలను వెల్కమ్ లైబ్రరీ స్కాన్ చేయించి ఉచితంగా పెట్టింది. కాబట్టి కింద రాసిన పనంతా ఇంట్లో కూర్చుని ఎవరైనా మళ్లీ చేసి చూసుకోవచ్చు.

ఫిన్స్‌బరీనే ఎందుకంటే అది చిన్నది, ఇరుకైనది, పైగా జనం తగ్గుతూ పోతున్న బరో. 1901లో 1,01,463 మంది, 1911లో 87,923 మంది. 1900 నుంచి 1907 దాకా అక్కడి ఆరోగ్యాధికారి జార్జ్ న్యూమన్. తర్వాత ఆయనే ఆరోగ్య మంత్రిత్వ శాఖకు ముఖ్య వైద్యాధికారి అయ్యారు. 1914 రాకముందే ఆపేయడానికి కారణం మొదటి ప్రపంచ యుద్ధం. సైన్యంలోకి వెళ్లిన మగవాళ్లను జనాభాలోంచి ఎలా తీసేయాలన్నది వేరే ప్రాజెక్టు.

మన ఊరి లెక్కలే తీసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లకు ఒక మాట. అదే కాలపు మద్రాసు ప్రెసిడెన్సీలో చావులను రాసుకున్నది గ్రామాధికారులు. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, మిగతావన్నీ అని పద్దులుండేవి. క్షయతో పోయినవాళ్లు చాలావరకు ‘జ్వరాలు’ పద్దులోకో, ‘మిగతా’ పద్దులోకో పోయారు. అక్కడినుంచి క్షయను విడదీసే దారి లేదు. లండన్‌లో డాక్టరు సంతకంతో మరణ కారణం రాసివ్వడం అప్పటికే స్థిరపడింది.

కావలసినవి:
1. నివేదికల స్కాన్లు. కనీసం 300 డీపీఐ ఉండాలి. తక్కువైతే 3, 8 ఒకేలా కనిపిస్తాయి.
2. ఏదైనా స్ప్రెడ్‌షీటు. మేం లిబ్రె ఆఫీస్ కాల్క్ వాడాం.
3. టెసరాక్ట్ ఓసీఆర్, అంటే స్కానులోని అచ్చును చదివి టైపు అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం. దీని కథ దశ 2లో.
4. కారణాల పేర్లను ఒక దారికి తేవడానికి ఓపెన్ రిఫైన్.
5. ఒక కాగితపు నోట్‌బుక్. ఏ పేజీలో ఏ నిర్ణయం, ఎందుకు తీసుకున్నామో అందులో రాసుకోవాలి. అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చింది ఇదే.

దశ 1: హద్దులు

మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. ‘హోల్బర్న్’ అనే పేరు మూడు వేర్వేరు ప్రాంతాలకు ఉంది. హోల్బర్న్ మెట్రోపాలిటన్ బరో అంటే ఫిన్స్‌బరీకి పొరుగు బరో. హోల్బర్న్ యూనియన్ అంటే పేదల సహాయం చూసే విభాగం, దాని కింద ఫిన్స్‌బరీలోని క్లర్కెన్‌వెల్, సెయింట్ ల్యూక్స్ కూడా ఉన్నాయి. మూడోది హోల్బర్న్ రిజిస్ట్రేషన్ జిల్లా, జనన మరణాల నమోదు కోసం గీసిన ప్రాంతం. పేరు చూసి వదిలేస్తే సొంత మరణాలు పోతాయి, పేరు చూసి కలిపేస్తే పొరుగువాళ్లవి వచ్చిపడతాయి. మేం మొదటి వారం రెండు తప్పులూ చేశాం.

దిద్దుకున్న పద్ధతి:
1. బరో ఏయే పారిష్‌లతో (చర్చి పేరిట ఏర్పడిన పాత స్థానిక విభాగాలు) ఏర్పడిందో రాసుకోవాలి. ఫిన్స్‌బరీకి క్లర్కెన్‌వెల్, సెయింట్ ల్యూక్, గ్లాస్‌హౌస్ యార్డ్, చార్టర్‌హౌస్, సెయింట్ సెపల్కర్.
2. బరోలు 1899 చట్టంతో పుట్టి 1900 నవంబరులో పని మొదలుపెట్టాయి. అంతకు ముందు అంకెల్ని ‘ఫిన్స్‌బరీ’ పేరుతో వెనక్కి లాగొద్దు. పారిష్ నివేదికలు వేరు.
3. రిజిస్ట్రార్ జనరల్ (దేశమంతటి జనన మరణాల నమోదు అధికారి) వార్షిక పట్టికలు 1911 నుంచి పాలనా ప్రాంతాల వారీగా వచ్చాయి, అంతకు ముందు రిజిస్ట్రేషన్ జిల్లాల వారీగా. 1910, 1911ల మధ్య ఏ గీతైనా ఉన్నట్టుండి దూకితే మొదట దీన్నే అనుమానించాలి.

దశ 2: అంకెలు ఎక్కించడం

తీసుకున్న అడ్డు వరుసలు 14: మశూచి, తట్టు, స్కార్లెట్ ఫీవర్ (ఒళ్లంతా ఎర్రబడే జ్వరం), డిఫ్తీరియా (కంఠసర్పి), కోరింత దగ్గు, ఎంటరిక్ ఫీవర్ (మన టైఫాయిడ్), ఇతర జ్వరాలు, అతిసారం, ఎంటరైటిస్ (పేగుల వాపు), ఎరిసిపెలస్ (చర్మానికి సోకే రోగం), ప్రసూతి జ్వరం, ఊపిరితిత్తుల క్షయ, ఇతర క్షయ, అన్ని కారణాల మొత్తం.

వయసు వరుసలు 1910 వరకు ఆరు: ఏడాదిలోపు, 1–5, 5–15, 15–25, 25–65, 65 పైన. 1911 నుంచి ఎనిమిది: 1–5ని 1–2, 2–5గా చీల్చారు, 25–65ని 25–45, 45–65గా చీల్చారు. పట్టిక సంఖ్య కూడా మారింది, అందుకే సంఖ్యను బట్టి కాక శీర్షికను బట్టి వెతకాలి. అదృష్టం ఏమిటంటే కొత్త వరుసల్ని కలిపితే పాతవి అచ్చంగా వచ్చేస్తాయి. దురదృష్టం ఏమిటంటే క్షయకు అసలు ముఖ్యమైన వయసంతా 25–65 అనే ఒక్క గడిలో ముద్దగా ఉంది. 1911కి ముందు ముప్పై ఏళ్లవాడు పోయాడా, అరవై ఏళ్లవాడు పోయాడా అన్నది ఈ పట్టిక చెప్పదు.

ఓసీఆర్ విఫలమైంది. అచ్చులో పేరుకీ అంకెకీ మధ్య చుక్కల వరుస ఉంటుంది. టెసరాక్ట్ ఆ చుక్కల్ని కొన్నిసార్లు మింగేసింది, కొన్నిసార్లు 1గా చదివింది. ఖాళీ గడి వచ్చిన చోట తర్వాతి అంకె ఎడమకు జరిగిపోయింది. మొత్తం పేజీని ఒకే దిమ్మెగా చదివించే ఆరో మోడ్ పెడితే కాస్త మెరుగైంది కానీ నమ్మేంత కాదు. నిలువు గీతల మధ్య పేజీని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కా చదివిస్తే అంకెలు బాగానే వచ్చాయి. ఆ కోతకు పట్టిన సమయంలో చేత్తో టైపు చేసేయొచ్చు. చివరికి చేత్తోనే చేశాం. ఓసీఆర్‌ని నివేదికలో ఏ పట్టిక ఏ పేజీలో ఉందో వెతకడానికి మాత్రం ఉంచుకున్నాం. ఆ పనికి అది బంగారం.

ఎక్కించే క్రమం:
1. ఒకరు టైపు చేయాలి. రెండోవారు మొదటి షీటు చూడకుండా మళ్లీ టైపు చేయాలి.
2. రెండు షీట్లనూ గడికి గడి తీసివేయించాలి. సున్నా రాని గడి దగ్గర ఇద్దరూ స్కాను తెరిచి చూడాలి.
3. వయసుల మొత్తం, అచ్చులో ఉన్న ‘అన్ని వయసులు’ అంకెతో సరిపోవాలి.
4. ఖాళీ, గీత, సున్నా మూడింటికీ మూడు గుర్తులు. ఖాళీ అంటే ఆ వరుస ఆ ఏడాది పట్టికలో లేదని కూడా కావచ్చు. అన్నిటినీ సున్నా చేశామా, తర్వాత విడదీయలేం.

మూడో మెట్టుమీదే నమ్మకం పెట్టుకోవద్దు. తప్పు చదివిన అంకెను అది పట్టుకుంటుంది. పక్కపక్క వయసుల్లో తారుమారైన రెండు అంకెల్ని పట్టుకోలేదు, మొత్తం మారదు కదా. అందుకే రెండో టైపింగు. దానితోపాటు ఇంగితం చూసే పరీక్షలు కూడా పెట్టాం: ప్రసూతి జ్వరం 65 పైన ఉందా, కోరింత దగ్గు 25–65లో ఉందా, ఉంటే ఆగి చూడు. అచ్చులోనే మొత్తం తప్పిన చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించి పక్క గడిలో గుర్తు పెట్టాం.

ఇప్పటికి మొత్తం: 1901–1910కి 14 × 7 × 10 = 980 గడులు, 1911–1913కి 14 × 9 × 3 = 378 (7, 9 అంటే వయసు వరుసలు, ‘అన్ని వయసులు’ ఒకటి). కలిపి 1,358. రెండుసార్లు ఎక్కించాం కాబట్టి 2,716.

దశ 3: ఎవరి చావు ఎవరి ఖాతాలో

ప్రాజెక్టులో ఎక్కువ రోజులు తిన్నది ఇదే. రోగం ముదిరిన పేదవాడు ఇంట్లో పోడు, యూనియన్ ఇన్ఫర్మరీలో (పేదల ఆసుపత్రిలో) పోతాడు. హోల్బర్న్ యూనియన్ ఇన్ఫర్మరీ ఆర్చ్‌వేలో ఉంది, అంటే ఇస్లింగ్టన్ బరోలో. ఆ యూనియన్ వర్క్‌హౌస్ (దిక్కులేని పేదల్ని ఉంచే చోటు) ఒకటి మిచమ్‌లో, లండన్ కౌంటీ దాటాక ఉంది. కోల్నీ హాచ్, క్లేబరీ లాంటి పిచ్చాసుపత్రులు కూడా కౌంటీ బయటే. అలాంటి ఆసుపత్రుల గదుల్లో క్షయ బాగా పాకేది. ఇవన్నీ వదిలేసి ఫిన్స్‌బరీ నేలమీద నమోదైన చావుల్నే లెక్కపెడితే క్షయ చాలా తక్కువగా కనిపిస్తుంది. ఇటువైపు చూస్తే సిటీ రోడ్డులో ఛాతీ జబ్బుల ఆసుపత్రి ఒకటి ఉంది, అక్కడ పోయినవాళ్లలో బయటి బరోల వాళ్లూ ఉంటారు. వాళ్లను తీసేయాలి.

నివేదిక మొదటి పట్టికలో దీనికి సూత్రం ఉంది:
నికర మరణాలు = బరోలో నమోదైనవి − బయటివాళ్లవి + బయట పోయిన బరోవాళ్లవి.

కారణాల పట్టిక అప్పటికే నికరం. ఇది గమనించక, అదే పేజీలో ఉన్న ‘సంస్థల్లో మరణాలు’ వరుసను దానికి మళ్లీ కలిపాం. క్షయ ఒక్కసారిగా ఉబ్బింది. రెండు రోజులు అది నిజమైన పెరుగుదలే అనుకున్నాం. కారణాలన్నీ ఉన్న ‘మొత్తం’ వరుసను మొదటి పట్టికలోని నికర సంఖ్యతో పోల్చాకే గుట్టు బయటపడింది. అందుకే ఆ పద్నాలుగో వరుసను ఎక్కించకుండా పని మొదలుపెట్టొద్దు. రోగాలతో దానికి పని లేకపోయినా కాపలా కాసేది అదే.

మశూచికి ఇంకో చిక్కు. 1901–02లో లండన్‌ను మశూచి చుట్టుముట్టింది. లండన్ అంటురోగాల ఆసుపత్రులు నడిపిన మెట్రోపాలిటన్ అసైలమ్స్ బోర్డు రోగుల్ని థేమ్స్ మీదుగా పడవల్లో లాంగ్ రీచ్‌కి తీసుకెళ్లేది. అక్కడ అట్లాస్, ఎండిమియన్, కాస్టాలియా అనే మూడు ఆసుపత్రి ఓడలు ఉండేవి. అది కెంట్ కౌంటీ. ఓడలో పోయిన ఫిన్స్‌బరీవాసి నమోదయ్యేది డార్ట్‌ఫర్డ్ వైపు. బరో నేలమీది లెక్క మాత్రమే తీసుకుంటే ఆ మహమ్మారి సగం మాయమైపోతుంది.

దశ 4: పేర్లు

ఒకే జబ్బుకి బోలెడు పేర్లు. మేం వేసుకున్న పట్టిక:

ఊపిరితిత్తుల క్షయలోకి: థైసిస్, పల్మనరీ ట్యుబర్క్యులోసిస్, కన్సంప్షన్.
ఇతర క్షయలోకి: ట్యుబర్క్యులర్ మెనింజైటిస్, టేబీస్ మెసెంటెరికా (పొట్టలో క్షయ), లూపస్ (ఇక్కడ చర్మ క్షయ), స్క్రోఫ్యులా (మెడ గ్రంథుల క్షయ), ఎముకలు, కీళ్ల క్షయ, ఒళ్లంతా పాకిన క్షయ.
డిఫ్తీరియాలోకి: మెంబ్రేనస్ క్రూప్ (గొంతులో పొర కట్టి ఊపిరాడనివ్వని జబ్బు). ఒట్టి ‘క్రూప్’ అని ఉంటే విడిగా ఉంచాం.

చిన్నపిల్లల ‘టేబీస్ మెసెంటెరికా’ మీద అప్పటివాళ్లకే అనుమానం ఉండేది. తిండి పట్టక చిక్కిశల్యమైన శిశువుకి ఆ పేరు సులువుగా పడేది. దాన్ని తీసేయలేదు కానీ, ఏడాదిలోపు వయసును విడిగా చూపించాం.

ఇక్కడే పథకం ఒకటి మార్చాం. క్షయ అని రాస్తే కుటుంబానికి మచ్చ, బీమాకి చిక్కు. ‘బ్రాంకైటిస్’ అని రాసేస్తే గొడవ లేదు. కాబట్టి క్షయ తగ్గుతున్న ఏళ్లలో బ్రాంకైటిస్ పెరిగిందా అని చూడకుండా ఏమీ అనకూడదు. బ్రాంకైటిస్, న్యుమోనియా రెండు వరుసలు చేర్చాం.

కొత్త మొత్తం: 2 × 7 × 10 = 140, 2 × 9 × 3 = 54, కలిపి 194. ఇంతకు ముందువి 1,358. ఇప్పుడు 1,552 గడులు, రెండు టైపింగులకు 3,104.

రిజిస్ట్రార్ జనరల్ పట్టికలతో పోల్చేవాళ్లకు హెచ్చరిక. ఇంగ్లండ్ 1911లో అంతర్జాతీయ కారణాల జాబితాకు (1909 నాటి కూర్పుకు) మారింది. అందులో 28 ఊపిరితిత్తుల క్షయ, 30 మెదడు పొరల క్షయ, 31 పొట్ట క్షయ, 35 ఒళ్లంతా పాకినది. అతిసారం, ఎంటరైటిస్ రెండేళ్లలోపు పిల్లల్లో అయితే 104. ఈ కోడ్లను షీటులో బిగించేసి, 1921 పట్టికను పరీక్షకు పెట్టి చూస్తే పొట్ట క్షయ నమ్మలేనంత పెరిగింది. కారణం: 1920 జాబితాలో 31 అంటే శ్వాసకోశ క్షయ. అంకె అదే, అర్థం వేరు. ఇక నుంచి ప్రతి కోడు ముందూ జాబితా సంవత్సరం రాస్తున్నాం: ‘1909–31’, ‘1920–31’.

అతిసారాన్నీ ఎంటరైటిస్‌నీ విడివిడిగా గీసిన గ్రాఫు చెత్తబుట్టలోకి పోయింది. ఒకటి దిగితే ఇంకొకటి ఎక్కుతోంది, అంటే డాక్టర్లు పేరు మార్చారు. రెండూ కలిపాక గీత కుదుటపడింది. 1911 వేసవి ఎండలు ఇంగ్లండంతటా పసిపిల్లల అతిసారాన్ని ఎగదోశాయి, ఆ ఏటి ఎత్తును మాత్రం తప్పుగా అనుమానించొద్దు.

దశ 5: జనాభా, వారాలు

రేటు కట్టాలంటే కింద వేసే జనాభా కావాలి. నివేదికలో ఆ ఏటికి వేసిన అంచనా, పాత జనాభా లెక్కల పోకడను ముందుకు సాగదీసి కట్టింది. 1911 లెక్కలు వచ్చాక ఆ పదేళ్ల రేట్లన్నీ మళ్లీ కట్టాలి. ఒక్క పోలిక: 1901 జనాభానే 1910కీ వాడేస్తే రేటు 12.4 శాతం తక్కువ చూపిస్తుంది. క్షయ తగ్గిపోయిందని పొంగిపోయేంత తేడా అది.

కట్టిన తీరు:
1. 1901 మార్చి 31న 1,01,463, 1911 ఏప్రిల్ 2న 87,923. నిష్పత్తి 0.86655.
2. పదో మూలం 0.98578. అంటే ఏటికి 1.42 శాతం తరుగు.
3. జూన్ ఆఖరుకు తేవడానికి ఏడాదిలో పావు వంతు కలపాలి. 1901 మధ్యకు 1,01,100. 1905 మధ్యకు 95,471. 1910 మధ్యకు 88,873.
4. సరళరేఖలా తగ్గిస్తే 1905కి 95,708 వస్తుంది. తేడా 237 మంది. దానికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

తర్వాత వారాలు. లెక్కల సంవత్సరం శనివారంతో ముగిసే వారాలతో కట్టేవాళ్లు. మామూలుగా 52. ముగింపు తేదీ 1902 డిసెంబర్ 27 కాకుండా 1903 జనవరి 3 అని ఉంటే ఆ ఏడాదిలో 53 వారాలు. 1909 జనవరి 2 ఉన్నా అంతే. శీర్షిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూడకపోతే 1.9 శాతం చావులు ఉత్తపుణ్యానికి పెరుగుతాయి. ప్రతి ఏడాదీ 365.25 రోజులకు సమానం కావడానికి 53 వారాల ఏటి మరణాలను 0.9845తో, 52 వారాలవాటిని 1.0034తో గుణించాం.

దశ 6: రోగుల సంఖ్య అనే ఉచ్చు

మరణాలు అయ్యాక, నమోదైన రోగుల సంఖ్య కూడా పక్కన పెడదామనుకున్నాం. 1889 చట్టంతో లండన్‌లో మశూచి, డిఫ్తీరియా, స్కార్లెట్ ఫీవర్, ఎంటరిక్, టైఫస్, ఎరిసిపెలస్, ప్రసూతి జ్వరం వంటివి డాక్టరు విధిగా తెలపాలి. సొంత రోగి అయితే రెండున్నర షిల్లింగులు, సంస్థ రోగి అయితే ఒక షిల్లింగు ఫీజు. తట్టు, కోరింత దగ్గు అందులో లేవు. తట్టు నమోదు 1916లో వచ్చింది. కాబట్టి పిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయిన రెండు జబ్బులకు మన కాలంలో చావులే ఉన్నాయి, రోగులు లేరు. 1902లో ఆటలమ్మ వరుస ఒకటి ఉన్నట్టుండి ప్రత్యక్షమై మాయమవుతుంది. ఆటలమ్మ పేరుతో మశూచి దాక్కోకుండా తాత్కాలికంగా పెట్టిన నియమం అది, అంటువ్యాధి కాదు.

క్షయ గ్రాఫు మెట్లుగా వచ్చింది. ఆ మెట్లు ఇవి:
1. 1909 జనవరి 1: పేదల సహాయ వైద్యులు చూసే రోగులు మాత్రమే.
2. 1911 మే 1: ఆసుపత్రుల రోగులు చేరారు.
3. 1912 జనవరి 1: ఊపిరితిత్తుల క్షయ ఉన్న అందరూ.
4. 1913 ఫిబ్రవరి 1: అన్ని రకాల క్షయ.

మేం మొదట గీసిన గీత చూస్తే 1909 నుంచి 1913 వరకు ఫిన్స్‌బరీ తగలబడిపోతోందనిపించింది. అదే ఏళ్ల మరణాల గీత మాత్రం ఆ ఊపు చూపలేదు. పెరిగింది నియమం.

ఇంకా రెండు తప్పులు జరిగాయి. ఒకే రోగిని వీధి డాక్టరూ ఆసుపత్రీ డిస్పెన్సరీ తెలిపితే మూడుసార్లు లెక్కకొస్తాడు. 1913 నుంచి వాడిన ఫారాల్లో ‘ఏ’ డాక్టరు తొలిసారి తెలిపేది, ‘బి’ బడి వైద్యులది, ‘సి’ సంస్థలో చేరినప్పుడు, ‘డి’ బయటికొచ్చినప్పుడు. తొలి నమోదుకు ఏ, బి మాత్రమే తీసుకోవాలి, సి, డి కలపొద్దు. రెండోది, ఆ ఏటి మరణాల్ని ఆ ఏటి రోగులతో భాగించి ‘మరణ శాతం’ తీయడం. క్షయ ఏళ్ల తరబడి సాగేది. ఈ ఏడాది పోయినవాడు ఎప్పుడో నమోదై ఉండొచ్చు, అసలు నమోదే కాకపోయి ఉండొచ్చు. ఆ నిలువు వరుసను షీటులోంచి తుడిచేశాం.

దశ 7: గీతలు

చిన్న అంకెలతో జాగ్రత్త. ఒక ఏడాది ఎంటరిక్ మరణాలు 9 అనుకోండి, 95 శాతం నమ్మకపు హద్దులు (కేవలం యాదృచ్ఛికంగా ఆ అంకె ఊగగల మేర) 4.1 నుంచి 17.1 దాకా సాగుతాయి. తర్వాతి ఏడాది 14 అయితే ‘విజృంభించింది’ అనడానికి లేదు. 200 మరణాలకు హద్దులు సుమారు 172–228. అందుకని క్షయను ఏటా గీశాం, ఎంటరిక్, ఎరిసిపెలస్, ప్రసూతి జ్వరాల్ని మూడేళ్ల సగటుగా గీశాం. మశూచిని సగటు చేయలేదు. 1901–02 ముద్దను మూడేళ్లకు పరిస్తే లేని మశూచి 1903లో కనిపిస్తుంది.

వార్డుల వారీ మ్యాపు క్యూజీఐఎస్‌లో మొదలుపెట్టి ఆపాం. ఒక్కో వార్డులో ఒక్కో రోగానికి మిగిలే చావులు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. పైగా లాడ్జింగ్ హౌస్‌ల్లో రాత్రికింత అని పడుకునే మగవాళ్ల చావులన్నీ ఆ ఇల్లున్న వార్డు మీద పడుతున్నాయి. ఆ వార్డు ఎర్రగా కనిపించింది, కారణం అక్కడి గాలీ నీరూ కాదు, ఆ మంచాలు. అయిదేళ్లు కలిపి, లాడ్జింగ్ హౌస్ చావుల్ని వేరు చేయగలిగితేనే మళ్లీ తెరుస్తాం.

ఇప్పటికి స్థితి: 1,552 గడులు రెండుసార్లు ఎక్కాయి, తేడాలు సరిచూశాం. 13 ఏళ్ల జనాభా కట్టాం. వారాల దిద్దుబాటు అయింది. మిగిలినవి: సంస్థల్లో పోయినవాళ్లను క్షయకు మాత్రం ఏడాదివారీగా విడదీయడం, 1911–1913కి 25–45, 45–65 వయసుల రేట్లు. రెండోదానికి 1911 వయసుల జనాభా పట్టిక ఎక్కించాలి. వచ్చే పని అదే.